వేగం తగ్గిన యంత్రం, గడువు తీరిన యంత్రం

2021 అక్టోబరులో విండోస్ 11 విడుదలైన వారంలోనే, నా ల్యాప్‌టాప్ దానికి పనికివస్తుందో లేదో చెప్పే మైక్రోసాఫ్ట్ తనిఖీ ప్రోగ్రామ్‌ను నడిపి చూశాను. ప్రాసెసర్‌కు మద్దతు లేదని, ఈ కంప్యూటర్ కనీస అవసరాలను అందుకోవడం లేదని సమాధానం వచ్చింది. అప్పటికి ఆ యంత్రాన్ని కొని నాలుగేళ్ళే అయింది. బటన్ నొక్కిన పదిహేను సెకన్లలో సిద్ధమయ్యేది, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబ్‌లు తెరిచి ఉన్నా తడబడేది కాదు. అంతకు రెండేళ్ళ ముందు మాత్రం ఇదే ల్యాప్‌టాప్ పూర్తిగా తెరుచుకోవడానికి నాలుగు నిమిషాలు తీసుకునేది. నత్తనడక నడిచిన రోజుల్లో దానికి ప్రతి నవీకరణా వచ్చింది. చక్కగా పనిచేస్తున్న రోజున దాని ముందు తలుపు మూసుకుంది.

కంప్యూటర్ మార్చాలా వద్దా అని ఎవరు అడిగినా నేను ఇప్పుడు మొదట ఈ రెండు సంగతులనూ విడదీసి మాట్లాడుతున్నాను. యంత్రం వేగం తగ్గడం ఒకటి, దాని మీద నడిచే విండోస్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌కు మద్దతు గడువు తీరడం, అంటే భద్రతా నవీకరణలు ఆగిపోవడం, ఇంకొకటి. మొదటిదానికి చాలా సందర్భాల్లో ఒక విడిభాగంతో మందు దొరుకుతుంది. రెండోదానికి ఎంత ర్యామ్ వేసినా ఉపయోగం ఉండదు. ఈ రెండింటినీ కలిపి చూడడం వల్లనే బాగున్న యంత్రాలు అటకెక్కుతున్నాయి, గడువు తీరిన యంత్రాల మీద బ్యాంకు లావాదేవీలు జరుగుతున్నాయి.

మొదట వేగం సంగతి చెబుతాను. 2017లో కొన్న ఆ ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఏడో తరం ఐ5-7200యూ ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 1 టీబీ హార్డ్ డిస్క్ ఉండేవి. 2019 నాటికి దానితో పని చేయడం విసుగు పుట్టించింది. మరమ్మతుకు చూపిస్తే, ప్రాసెసర్ పాతబడిందని, కొత్తది కొనుక్కోవడమే మంచిదని చెప్పారు. ఆ మాట నాకు నమ్మకం కలిగించకపోవడంతో ఇంటికి వచ్చి, ఏ భాగం ఎంత పని చేస్తోందో చూపే టాస్క్ మేనేజర్ తెరిచి పది నిమిషాలు ఊరికే చూస్తూ కూర్చున్నాను. ప్రాసెసర్ గడిలో పది, పన్నెండు శాతం కంటే పెద్ద అంకె కనిపించలేదు. డిస్క్ గడి మాత్రం నూరు శాతం దగ్గర ఎర్రబడి, అక్కడి నుంచి కదలలేదు. ప్రాసెసర్ ఖాళీగా కూర్చుని డిస్క్ కోసం ఎదురుచూస్తోందన్న మాట.

ఎందుకలా జరుగుతుందో చిన్న లెక్కతో తెలిసిపోతుంది. నిమిషానికి 5,400 సార్లు తిరిగే హార్డ్ డిస్క్ పళ్ళెం సెకనుకు 90 చుట్లు తిరుగుతుంది, అంటే ఒక చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు పడుతుంది. మనకు కావలసిన సమాచారం సగటున అర చుట్టు దూరంలో ఉంటుంది కనుక ఐదున్నర మిల్లీసెకన్లు అది చదివే ముల్లు కిందికి వచ్చేదాకా ఆగడానికే పోతాయి. ముల్లు సరైన గాడి మీదికి జరగడానికి మరో పది మిల్లీసెకన్లకు పైగా కావాలి. ఈ లెక్కన చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ళను సెకనుకు అరవై, డెబ్బై సార్లకు మించి అందుకోవడం దానికి సాధ్యం కాదు. విండోస్ లేచేటప్పుడు వేల సంఖ్యలో అటువంటి చిన్న ఫైళ్ళనే చదువుతుంది. సమాచారాన్ని చిప్‌లలో దాచే ఎస్‌ఎస్‌డీలో తిరిగే పళ్ళెమూ లేదు, జరిగే ముల్లూ లేదు. అదే పనిని సెకనుకు వేలసార్లు చేయగలదు. పెద్ద ఫైల్‌ను కాపీ చేసేటప్పుడు కనిపించే ఎంబీ అంకెల కంటే, ఈ చిన్న చదువుల్లో ఉన్న తేడాయే మన చేతికి తెలిసే వేగం.

కాబట్టి ఒక ఎస్‌ఎస్‌డీని, మరో 4 జీబీ ర్యామ్‌ను తెచ్చుకుని ల్యాప్‌టాప్‌ను నేనే విప్పాను. వెనుక మూతకు కనిపించే స్క్రూలు కాక, రబ్బరు పాదాల కింద మరో రెండు దాగి ఉన్నాయి. వాటిని గమనించకుండా మూతను లాగితే ప్లాస్టిక్ అంచు విరిగి ఉండేది. పొట్టి స్క్రూలను, పొడుగు స్క్రూలను తీసిన చోటు గుర్తుండేలా ఒక కాగితం మీద మూత బొమ్మ గీసి, ఆయా చోట్ల వాటిని అంటించి పెట్టుకున్నాను. పాత ప్లాస్టిక్ కార్డును అంచు వెంబడి జరుపుతూ పోతే క్లిప్పులు ఒక్కొక్కటే టక్కుమని ఊడివచ్చాయి. ముందుగా బ్యాటరీ కనెక్టర్‌ను విడదీసి, ఆ తరువాతే మిగిలినవి ముట్టుకున్నాను. డిస్క్ మార్చడం తేలికగానే అయింది. ర్యామ్ దగ్గర మాత్రం ఇబ్బంది పడ్డాను: అంతా బిగించి బటన్ నొక్కితే దీపం వెలిగింది కానీ తెర నల్లగానే ఉండిపోయింది. మళ్ళీ విప్పి చూస్తే, ర్యామ్ పలక బంగారు రంగు అంచు ఒక పక్క వెంట్రుకవాసి బయటికి కనిపిస్తోంది. దాన్ని ఏటవాలుగా పట్టుకుని ఆ అంచు పూర్తిగా కనబడకుండా పోయేదాకా లోపలికి తోసి, అప్పుడు కిందికి నొక్కితే రెండు పక్కల ఉన్న లోహపు కొక్కేలు పట్టుకున్నాయి. ఈసారి తెర వెలిగింది. నాలుగు నిమిషాలు పట్టిన పని పదిహేను సెకన్లకు దిగింది.

ఎస్‌ఎస్‌డీ కొనేటప్పుడు చూసుకోవలసింది ఏ ఆకారంలో ఉన్నదన్నది ఒక్కటే కాదు. హార్డ్ డిస్క్ కనెక్టర్‌కే తగిలించే రెండున్నర అంగుళాల సాటా రకం సెకనుకు సుమారు 550 ఎంబీల దగ్గర ఆగిపోతుంది. ఎం.2 అనే సన్నని పలక రకంలో సాటా పద్ధతిలో నడిచేవీ ఉన్నాయి, అంతకంటే వేగమైన ఎన్‌వీఎంఈ పద్ధతిలో నడిచేవీ ఉన్నాయి. రెండూ చూడడానికి ఒకేలా ఉంటాయి కానీ కొన్ని బోర్డులు ఒకదాన్నే గుర్తిస్తాయి. బోర్డులో సమాచారం నడిచే పీసీఐఈ అనే దారిలో మూడో తరం మీద నడిచే ఎన్‌వీఎంఈ డ్రైవ్ 3,500 ఎంబీల దాకా, నాలుగో తరంది 7,000 ఎంబీల దాకా చేరుకుంటాయి. పెద్ద వీడియోలను ఎడిట్ చేసేవారికి ఆ తేడా నిజంగా అక్కరకు వస్తుంది. ఉత్తరాలు రాసుకుని, లెక్కలు వేసుకుని, బ్రౌజర్‌లో చదువుకునేవారికి హార్డ్ డిస్క్ నుంచి సాటా ఎస్‌ఎస్‌డీకి మారడమే పెద్ద అడుగు, ఆ పైన ఉన్న మెట్లు కంటికి అంతగా ఆనవు. ఎస్‌ఎస్‌డీలు రాతలకు అరిగిపోతాయన్న భయం చాలామందిలో ఇంకా ఉంది. మొత్తం 300 టెరాబైట్ల రాతకు హామీ ఉన్న డ్రైవ్ మీద రోజుకు 20 జీబీ రాసినా ఆ హామీ తీరడానికి 15,000 రోజులు, అంటే దాదాపు 41 ఏళ్ళు పడుతుంది. అంతకు ముందే అది వేరే కారణంతో చెడిపోవచ్చు. అందుకే బ్యాకప్ కావాలి కానీ, అరుగుదలకు భయపడి వాడకం తగ్గించుకోవలసిన అవసరం లేదు.

ర్యామ్ విషయంలో ఒక చరిత్ర చెప్పుకోదగినది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీకి కనీస అవసరం 64 ఎంబీ. 2021 నాటి విండోస్ 11కు అది 4 జీబీ. ఇరవై ఏళ్ళలో సరిగ్గా అరవై నాలుగు రెట్లు. కంపెనీలు ప్రకటించే కనీస అంకె కంప్యూటర్ లేవడానికి సరిపోతుంది, మనం పని చేసుకోవడానికి సరిపోదు. నా దృష్టిలో ఇప్పటి బ్రౌజర్లతో మామూలు పనికి 8 జీబీ కింది హద్దు. కొత్తగా కొనే యంత్రంలో, అందులోనూ ర్యామ్ బోర్డుకు అతికించి ఉండి తరువాత మార్చుకునే వీలు లేనప్పుడు, 16 జీబీకి తక్కువ తీసుకోకూడదు. పాత యంత్రానికి ర్యామ్ చేర్చేటప్పుడు దాని రకం ముందు తెలుసుకోవాలి: ల్యాప్‌టాప్‌లలో వాడే డీడీఆర్3 పలకకు 204 పిన్నులు, డీడీఆర్4కు 260, డీడీఆర్5కు 262 ఉంటాయి, గంటు ఉండే చోటు కూడా మారుతుంది కనుక ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి కూర్చోదు. రెండు స్లాట్లు ఉంటే సమాన సామర్థ్యం గల రెండు పలకలు వేయడం మేలు, ఎందుకంటే ప్రాసెసర్ అప్పుడు రెండు దారుల నుంచీ ఒకేసారి సమాచారం తెచ్చుకోగలదు. విడి గ్రాఫిక్స్ కార్డు లేని యంత్రాల్లో ఈ తేడా స్పష్టంగా కనిపిస్తుంది.

ప్రాసెసర్‌ను ల్యాప్‌టాప్‌లో మార్చుకోవడం దాదాపుగా కుదరదు, కాబట్టి కొనే రోజునే దాన్ని జాగ్రత్తగా ఎంచుకోవాలి. ఐ5 కంటే ఐ7 గొప్పదన్న మాట పట్టుకుని కొనేవారిని చాలామందిని చూశాను. ఐ7-7500యూలో ఉన్నవి రెండే కోర్‌లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు. ఆ తరువాతి తరంలో వచ్చిన ఐ5-8250యూలో నాలుగు. కాబట్టి గీత తరువాత వచ్చే, తరాన్ని తెలిపే అంకెను, చివర ఉన్న అక్షరాన్ని చదవకుండా ముందున్న పేరును బట్టి నిర్ణయించుకుంటే, ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ యంత్రాన్ని తెచ్చుకునే ప్రమాదం ఉంది. నేను 2017లో ఇంకొన్ని నెలలు ఆగి ఎనిమిదో తరం తీసుకుని ఉంటే విండోస్ 11 నా ల్యాప్‌టాప్‌ను కాదనేది కాదు. అప్పుడు ఆ సంగతి ఎవరికీ తెలియదు.

ఇక గడువు సంగతి. 2009లో వచ్చిన విండోస్ 7కూ 2015 జులై 29న వచ్చిన విండోస్ 10కూ కనీస అవసరాలు ఇంచుమించు ఒకటే: 32 బిట్ రకానికి 1 జీబీ, 64 బిట్ రకానికి 2 జీబీ ర్యామ్. పైగా మొదటి ఏడాది పాటు విండోస్ 7, 8.1 వాడుతున్నవారికి 10ని ఉచితంగా ఇచ్చారు. దాంతో పాత యంత్రం మీద కొత్త విండోస్ ఎప్పుడూ ఎక్కుతుందన్న నమ్మకం మనలో కుదురుకుంది. విండోస్ 11 ఆ నమ్మకాన్ని పక్కకు తోసింది. అది యూఈఎఫ్ఐ (యంత్రాన్ని లేపే కొత్త రకం మూల ప్రోగ్రామ్), సెక్యూర్ బూట్ (నమ్మదగిన ప్రోగ్రామ్‌తోనే యంత్రాన్ని లేవనిచ్చే ఏర్పాటు), టీపీఎం 2.0 (రహస్య కీలను దాచే ఏర్పాటు) కావాలంది, ఇంటెల్‌లో కొద్ది మినహాయింపులతో ఎనిమిదో తరం నుంచి, ఏఎండీలో రైజెన్ 2000 శ్రేణి నుంచి మాత్రమే ప్రాసెసర్లను జాబితాలో చేర్చింది. భద్రత, నిలకడ ఇందుకు కారణాలని మైక్రోసాఫ్ట్ చెప్పింది. తాళపుచెవులను యంత్రంలోనే విడిగా భద్రపరిచే టీపీఎం వంటి ఏర్పాటు అవసరమైనదేనని నేనూ ఒప్పుకుంటాను. కానీ నా ఏడో తరం ల్యాప్‌టాప్‌లో టీపీఎం 2.0 ఉంది, సెక్యూర్ బూట్ కూడా ఉంది. అయినా జాబితాలో పేరు లేదన్న కారణంతో పక్కన పడిపోయింది. నాలుగేళ్ళ యంత్రాన్ని అలా వదిలేయడం న్యాయమని నేను ఇప్పటికీ అనుకోవడం లేదు.

తిరస్కరణ సందేశం చూసిన వెంటనే నిరాశపడనవసరం లేని సందర్భాలూ ఉన్నాయి. ఎనిమిదో తరం, ఆ పై ప్రాసెసర్లు ఉన్న ఎన్నో డెస్క్‌టాప్‌లలో టీపీఎం ఉండి కూడా, యంత్రం లేచేటప్పుడు మొదట నడిచే బయోస్ అనే ప్రోగ్రామ్ అమరికల్లో ఆపేసి ఉంటుంది. ఇంటెల్ బోర్డుల్లో అది పీటీటీ అనే పేరుతో, ఏఎండీ బోర్డుల్లో ఎఫ్‌టీపీఎం అనే పేరుతో కనిపిస్తుంది. దాన్ని ఆన్ చేస్తే సరిపోతుంది. డిస్క్ పాత ఎంబీఆర్ పద్ధతిలో విభజించి ఉంటే సెక్యూర్ బూట్ పని చేయదు, అయితే 2017 తరువాతి విండోస్ 10లో డేటా పోకుండా కొత్త జీపీటీ పద్ధతికి మార్చే ఉపకరణం ఉంది. మా మేనకోడలి డెస్క్‌టాప్‌ను కొత్తదానితో మార్చాలని ఇంట్లో నిర్ణయం కూడా అయిపోయాక, టీపీఎం అమరిక ఒక్కటి మార్చగానే అది విండోస్ 11ను మారు మాట లేకుండా స్వీకరించింది.

విండోస్ 10 మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. వ్యక్తిగత వినియోగదారులకు 2026 అక్టోబరు 13 వరకు అదనపు భద్రతా నవీకరణల పథకాన్ని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. ఆలోచించుకోవడానికి దొరికిన వ్యవధిగా దాన్ని వాడుకోవచ్చు. తనిఖీని తప్పించి విండోస్ 11ను బలవంతంగా ఎక్కించే పద్ధతులు కూడా ప్రచారంలో ఉన్నాయి. అలా ఎక్కించిన యంత్రాలకు నవీకరణలు వస్తాయన్న హామీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది, పైగా 24హెచ్2 వెర్షన్ నుంచి కొన్ని ఆదేశాలు తెలియని మరీ పాత ప్రాసెసర్ల మీద అది అసలు లేవదు. ప్రయోగాలు చేసుకునే యంత్రం మీద అయితే సరే; ఇంట్లో పెద్దవారు రోజూ వాడే యంత్రం మీద ఆ పని చేయడానికి నాకు మనసొప్పలేదు.

అందుకే ఆ ల్యాప్‌టాప్ మీద నేను విండోస్‌కు బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించి నాన్నగారికి ఇచ్చాను. మింట్ అనేది ఉబుంటు అనే మరో లినక్స్ దీర్ఘకాల మద్దతు వెర్షన్ మీద కట్టినది. ఉబుంటులో అటువంటి వెర్షన్ రెండేళ్ళకొకసారి ఏప్రిల్‌లో వస్తుంది, ఐదేళ్ళు నవీకరణలు అందుకుంటుంది. 2024 జులైలో వచ్చిన మింట్ 22కు 2029 ఏప్రిల్ వరకు మద్దతు ఉంది. ఎక్కించడానికి ముందు పెన్‌డ్రైవ్ నుంచి నడిపి చూసుకునే వీలు ఉండడం లినక్స్‌లో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి. డిస్క్‌ను ముట్టుకోకుండానే వైఫై అందుతోందా, శబ్దం వస్తోందా, మూత మూసి తెరిస్తే మళ్ళీ లేస్తోందా అన్నవి ఒక సాయంత్రమంతా పరీక్షించుకున్నాను.

నాన్నగారి స్కానర్ సంగతి ఇక్కడ చెప్పాలి. పాత దస్తావేజులను, ఉత్తరాలను స్కాన్ చేసుకోవడం ఆయనకు ఇష్టమైన పని. ఆ స్కానర్ తయారీదారు 32 బిట్ విండోస్‌కు తప్ప డ్రైవర్, అంటే పరికరాన్ని నడిపే ప్రోగ్రామ్, ఇవ్వలేదు. 64 బిట్ విండోస్ 32 బిట్ డ్రైవర్లను తీసుకోదు కాబట్టి, పదేళ్ళ కిందట మేము 64 బిట్‌కు మారిన రోజే అద్దం మీద గీత కూడా పడని ఆ పరికరం మూలకు చేరింది. మింట్ ఎక్కించాక, పెద్దగా ఆశ లేకుండానే దాని తీగను తగిలించాను. స్కానింగ్ ప్రోగ్రామ్ తెరవగానే జాబితాలో దాని పేరు కనిపించింది. లోపలి దీపం వెలిగి, బండి గరగరమంటూ కదిలింది. నాన్నగారు కుర్చీలో ముందుకు వంగి, “ఇది బతికే ఉందిరా!” అన్నారు. లినక్స్‌లో సేన్ అనే స్వేచ్ఛా ప్రాజెక్టులో ఎందరో కలిసి ఇటువంటి పాత స్కానర్లకు డ్రైవర్లు రాసి పెట్టారు. ఆపరేటింగ్ సిస్టమ్ మార్చేటప్పుడు మన ప్రోగ్రామ్‌ల గురించి ఆలోచిస్తాం కానీ, తీగ చివర ఉన్న పరికరాల గురించి ఆలోచించం.

లినక్స్ అందరికీ సరిపోతుందని నేను చెప్పను. మైక్రోసాఫ్ట్ ఆఫీస్ దాని మీద నేరుగా నడవదు. దానికి బదులుగా ఉచితంగా దొరికే లిబ్రె ఆఫీస్‌లో తెరిస్తే క్లిష్టమైన పట్టికలున్న పత్రాల అమరిక చెదరవచ్చు. అడోబీ ప్రోగ్రామ్‌ల మీద జీవనం సాగేవారికి, మోసాన్ని పట్టే ప్రత్యేక వ్యవస్థ ఉన్న ఆన్‌లైన్ ఆటలు ఆడేవారికి అది సరైన దారి కాదు. రాసుకోవడం, చదువుకోవడం, చూడడం, మాట్లాడుకోవడం వరకు పని ఉన్నవారికి మాత్రం నిశ్చింతగా చెబుతాను.

నా రోజువారీ పనికి 2024లో కొత్త ల్యాప్‌టాప్ తీసుకున్నప్పుడు, ఇంతకుముందు ఎన్నడూ అడగని ప్రశ్నను మొదట అడిగాను: దీనికి నవీకరణలు ఎప్పటిదాకా వస్తాయి? గూగుల్ ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే క్రోమ్‌బుక్‌ల విషయంలో ఇందుకు సమాధానం స్పష్టంగా దొరుకుతుంది. 2021 తరువాతి నమూనాలకు పదేళ్ళ నవీకరణలు ఇస్తామని గూగుల్ 2023లో ప్రకటించింది, ప్రతి నమూనాకూ తేదీ ముందే తెలుస్తుంది. ఆపిల్ అటువంటి తేదీ ముందుగా చెప్పదు. 2020 నవంబరులో ఆపిల్ సొంత చిప్ ఎం1 వచ్చాక ఇంటెల్ మ్యాక్‌లకు రోజులు దగ్గరపడ్డాయి; మ్యాక్ ఓఎస్ 26 టాహోయే వాటిపై నడిచే చివరి వెర్షన్ అని 2025 జూన్‌లో చెప్పారు. ఆపిల్ సొంత చిప్‌ల వేగం, బ్యాటరీ నిలకడ మెచ్చుకోదగినవి, కానీ వాటిలో మెమరీ ప్రాసెసర్‌తో ఒకే ప్యాకేజీలో ఉంటుంది కనుక తరువాత పెంచుకునే దారి లేదు. నేను రెండు ర్యామ్ స్లాట్లు, రెండు ఎం.2 స్లాట్లు ఉన్న కాస్త మందపాటి విండోస్ ల్యాప్‌టాప్ ఎంచుకున్నాను. దాని సర్వీస్ మాన్యువల్‌ను కొనకముందే దించుకుని, మూత ఎలా తెరుచుకుంటుందో చూసి మరీ తీసుకున్నాను. సన్నగా, తేలికగా ఉన్న వాటిని పక్కన పెట్టడానికి అంతకు మించిన కారణం లేదు.

కొత్త యంత్రానికి మారే రోజున నాకు ఒక గట్టి అనుభవం కలిగింది. ఫైళ్ళన్నీ రెండు చోట్ల బ్యాకప్ చేసుకుని, అంతా సవ్యంగా ఉందనుకుని బయోస్‌ను కొత్త వెర్షన్‌కు మార్చాను. మళ్ళీ లేచేసరికి నీలి తెర మీద 48 అంకెల రికవరీ కీ అడిగింది. డిస్క్‌ను గూఢభాషలోకి మార్చే ఏర్పాటు ఆ ల్యాప్‌టాప్‌లో మొదటి నుంచీ పనిచేస్తోందని నాకు తెలియదు. బయోస్ మారడంతో టీపీఎం యంత్రాన్ని గుర్తించలేక తాళం వేసింది. అదృష్టవశాత్తు ఆ కీ నా మైక్రోసాఫ్ట్ ఖాతాలో ఉంది, ఫోన్‌లో ఖాతా తెరిచి ఆరేసి అంకెల చొప్పున ఎనిమిది గుంపులు చూసి కొట్టాను. ఆ ఖాతా పాస్‌వర్డ్ కూడా ఆ ల్యాప్‌టాప్‌లోనే ఉండి ఉంటే ఏమయ్యేదోనని ఇప్పటికీ అనిపిస్తుంది. ఇప్పుడు ఇంట్లో ఉన్న ప్రతి విండోస్ కంప్యూటర్ కీని కాగితం మీద అచ్చు తీసి బీరువాలో పెట్టాను.

ఆ రోజు నుంచి ప్రతి యంత్రం అడుగున ఒక చిన్న చీటీ కూడా అంటిస్తున్నాను. కొన్న తేదీ, ర్యామ్ రకం, ఖాళీ స్లాట్ల సంఖ్య, నవీకరణలు ఆగిపోయే తేదీ, ఇంతే ఉంటాయి అందులో. నాన్నగారి ల్యాప్‌టాప్ చీటీ మీద “2025 అక్టోబరు 14” అన్న తేదీని ఒక గీతతో కొట్టివేసి, దాని కింద “2029 ఏప్రిల్” అని రాశాను. దానికి పక్కనే ఇంకో తేదీ పట్టేంత ఖాళీ ఉంచాను.